రెండు గుప్పిళ్ళ మిరియాలు, మూడు రకాల టీ

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. లేకపోతే మార్చి నెలాఖర్లో ఒక శనివారం నాడు నేను అరకు లోయలో అంత కంగారుగా ఎందుకు తిరిగానో మీకు అర్థం కాదు. నేను విశాఖలో ఇంటి దగ్గరే బ్లాక్ టీలు కలిపి అమ్ముతాను. అస్సాం, నీలగిరి, డార్జిలింగ్ ఆకు తెప్పించుకుని, మన ఏజెన్సీ మిరియం, శొంఠి, నిమ్మగడ్డి, నారింజ తొక్క లాంటివి జతచేసి పొట్లాలు కడతాను. ఈ బ్లాగు చదివేవాళ్ళలో సగం మంది ఆ పొట్లాలు కొన్నవాళ్ళే. డిసెంబరు చివర నాకొక జ్వరం తగిలింది. నాలుగు రోజుల్లో తగ్గింది కానీ, వెళ్తూ వెళ్తూ నా ముక్కులోంచి వాసనంతా ఎత్తుకుపోయింది. కర్పూరం, ఇంగువ, కాఫీ, తడిగుడ్డ అన్నీ నాకు ఒకటే. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఎప్పుడని చెప్పలేం అన్నారు డాక్టరు గారు. రోజూ పొద్దున్నే బాగా తెలిసిన వాసనలు మూడు నాలుగు పీలుస్తూ ఉండమన్నారు. ఈ మాట మా ఆయనకి కూడా చెప్పలేదు. ఒకరోజు పాలు మాడి ఇల్లంతా కమురు కంపు కొట్టిందట. ఆయన పరుగున వచ్చి అడిగితే, ఫోన్లో ఉండిపోయానని అబద్ధం ఆడాను. ఇంట్లో మనిషికే చెప్పనిదాన్ని, కొనేవాళ్ళకేం చెప్తాను?

అలా మూడు నెలలు గడిచాయి. ఆర్డర్లు ఆగలేదు, నేనూ ఆపలేదు. పాత నోటుబుక్కులో రాసుకున్న తూకాలు చూసి కలిపేశాను, గుడ్డెద్దు చేలో పడ్డట్టు. ఇద్దరు ముగ్గురు “ఈసారి మిరియం కాస్త ఎక్కువైనట్టుందండీ” అని మెసేజ్ పెడితే, “కొత్త పంట ఘాటు” అని ఒక నవ్వు బొమ్మ జతచేసి పంపాను. ఇంట్లో ఒక్కచోట కూర్చోలేను. కాలు కాలిన పిల్లిలా వంటింట్లోంచి టీ గదికి, టీ గదిలోంచి వంటింట్లోకి తిరగడం, డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోవడం, మూసేయడం, మళ్ళీ తీయడం. ఈలోగా అరకులో నాలుగు కాటేజీలు నడుపుతున్న రమణి గారి నుంచి ఫోను వచ్చింది. ఫిబ్రవరిలో పంపిన శాంపిళ్ళు అందాయనీ, అతిథులకి ఇవ్వడానికి మూడు రకాల బ్లాక్ టీ ఖాయం చేయాలనుకుంటున్నామనీ, శనివారం సాయంత్రం నాలుగింటికి వచ్చి స్వయంగా కాచి చూపించమనీ అన్నారు. ఎదురుగా కాచినప్పుడు కూడా ఆవిడ నా గుట్టు పట్టుకోలేకపోతే ఇంకెవరూ పట్టుకోలేరు, నోటుబుక్కుతోనే బతికేయవచ్చు అనుకున్నాను. పట్టుకుంటే ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని ఆ రోజుతో సరి. ఎలాగూ వెళ్తున్నాను కాబట్టి, అదే రోజు జరిగే హుకుంపేట సంతలో కొత్త మిరియాలు కూడా తెచ్చుకుందామని పొద్దున్నే బయల్దేరాను.

మీరు చూడ్డానికి వెళ్తుంటే మాత్రం కిరండూల్ వైపు వెళ్ళే రైలే ఎక్కండి. ఏడు లోపు విశాఖలో కదిలి, సొరంగాలన్నీ చూపించి, పదకొండు ప్రాంతానికి అరకులో దింపుతుంది. పని మీద వెళ్తే ఆర్టీసీ బస్సే నయం. కాంప్లెక్సులో అయిదున్నర బస్సు ఎక్కాను, టికెట్టు నూట ఎనభై దాకా అయింది. శృంగవరపుకోటలో పది నిమిషాలు ఆపితే నలుగురూ దిగి ఇడ్లీలు తిన్నారు. నేను తినలేదు. వాసన తెలియని ఇడ్లీ దూది నమిలినట్టుంటుంది. ఒళ్ళో గుడ్డసంచి, అందులో రమణి గారి కోసం కట్టిన మూడు పొట్లాలు. ఆవిడ చోట ప్లాస్టిక్కు వాడరని, చూడ్డానికి కూడా అందంగా ఉంటాయని, పల్చటి నూలుగుడ్డతో కట్టాను. భుజానికున్న హ్యాండ్‌బ్యాగులో మూడు గిన్నెల చిన్న స్టీలు క్యారేజీ. అందులో ఏమీ కలపని అస్సాం, నీలగిరి, డార్జిలింగ్ ఆకులు పిడికెడు పిడికెడు ఉంటాయి. డాక్టరు గారు చెప్పిన పొద్దుటి కసరత్తు వాటితోనే. బస్సులో కూడా ఒక్కో మూత తీసి పీల్చాను. పక్కనున్న పెద్దాయన నేనేదో ఆయుర్వేదం మందు తీసుకుంటున్నాననుకుని మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు.

అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా బస్సులో జనమంతా ఒక్కసారి కదిలారు. రెండు రోజుల ముందు వాన పడిందట, కాఫీ తోటలు పూశాయి. రోడ్డుకి రెండువైపులా కొమ్మకొమ్మకీ తెల్లగా పూలు. “అబ్బ, ఏం వాసన!” అని వెనక సీట్లో అమ్మాయి అంది. ఒకరి తర్వాత ఒకరు అద్దాలు తీశారు. డ్రైవరు కూడా వేగం తగ్గించాడు. అందరూ కళ్ళు మూసుకుని ఊపిరి లాగుతున్నారు. నేనూ లాగాను. చల్లగాలి తప్ప ఇంకేం లేదు. పెద్దాయన నా వైపు చూసి “మల్లెపూల్లాగ లేదూ?” అంటే, “అచ్చం” అన్నాను. ఎవరూ అడక్కుండానే ఇంకోసారి “అబ్బ” అని కూడా అన్నాను. ఏడుపొచ్చింది. గాలికి కళ్ళు మండుతున్నాయని కొంగుతో తుడుచుకున్నాను.

తొమ్మిదీ నలభైకి అరకులో దిగాను. పొట్లాలు రమణి గారి దగ్గర పెట్టేసి సంతకి వెళ్ళొచ్చు కదా అని మీరడుగుతారు. పెట్టొచ్చు. కానీ నేను లేనప్పుడు ఎవరైనా విప్పి వాసన చూస్తే? పక్కనే ఉంటే కనీసం మాటలతో సర్దుకోవచ్చు. దొంగకి మూట ఒళ్ళో ఉంటేనే నిద్ర. శనివారాల్లో అరకు నుంచి హుకుంపేటకి షేర్ జీపులు దొరుకుతాయి. డుంబ్రిగుడ మీదుగా గంట పైన ప్రయాణం, డెబ్బై రూపాయలు తీసుకున్నాడు. జీపు నిండితే గానీ కదలదు, నిండడమంటే మనం అనుకునే నిండడం కాదు. నేను రెండు సార్లు ఎక్కి, రెండు సార్లు దిగి, ఎప్పుడు కదులుతుందని డ్రైవర్ని నాలుగు సార్లు అడిగాను. “ఏటమ్మా, నీకేటైనా కోర్టు పనుందా? బేగి ఎల్లిపోదాం, కూకో” అన్నాడు.

వెనక సీట్లో నా పక్కకి వచ్చిన ఆవిడ పేరు నూకరత్నం. భీమిలి నుంచి వారం వారం వచ్చి ఏజెన్సీ సంతలు చుట్టబెడుతుందట. నిన్న అరకు, ఇవాళ హుకుంపేట. గోనె కప్పిన పెద్ద బుట్టని ఇద్దరి కాళ్ళ మధ్య ఇరికించింది. జీపు కదిలాక నా ఒళ్ళో సంచిని చూసి జాలిపడింది.

“ఓలమ్మా, ఎంతసేపు మోస్తావు? ఇలాగియ్యి, నా బుట్ట మీదెడతాను. మెత్తగుంటాది.”

ఇచ్చాను. ఎదురుగా కూర్చున్న వాళ్ళందరూ ముక్కులకి తువ్వాళ్ళు, కొంగులు అడ్డం పెట్టుకున్నారు. రోడ్డు మీద దుమ్ము అలాగే ఉంది మరి, నేనూ కొంగు కప్పుకున్నాను. కాసేపటికి ఆవిడ నా మోకాలి మీద తట్టింది. “మంచిదానివమ్మా నువ్వు. మిగతావోలు నా పక్కన కూకోమంటే మూతులు తిప్పుకుంటారు. నీకలాటివేటీ నేవు.” ఇరుకులో సర్దుకుని కూర్చున్నందుకు మెచ్చుకుంటోందనుకుని పొంగిపోయాను. బుట్టలో ఏముందని అడగలేదు. ఆకుకూరో, అల్లమో అయ్యుంటుందనుకున్నాను. చాపరాయి మలుపు దాటాక నాలుగు ఫోటోలు తీశాను, మూడు మసగ్గా వచ్చాయి.

హుకుంపేట సంత పదకొండున్నరకి నిండుగా ఉంది. పసుపు, అల్లం, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు, ప్లాస్టిక్కు బకెట్లు, సెల్‌ఫోను కవర్లు, అన్నీ ఒకే వరసలో. నేను మూడేళ్ళుగా మిరియాలు కొనేది గురుబారి దగ్గర. ఆమెది కించుమండ దాటాక లోపలికున్న కొండ ఊరు. కాఫీ చెట్లకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల మీదకి మిరియపు తీగలు పాకించింది. యాభై ఏళ్ళుంటాయి, సంత మొత్తంలో ఆమె గొంతే ముందు వినిపిస్తుంది. ఆమెకొక పద్ధతి ఉంది, వాళ్ళ అత్తగారి నుంచి వచ్చిందట. పెద్ద మొత్తంలో కొనేవాళ్ళు ఎవరొచ్చినా ముందు రెండు గుప్పిళ్ళు చాపుతుంది. ఒకదాంట్లో ఈ ఏటి మిరియాలు, ఇంకోదాంట్లో నిరుటివి. చూపుకి రెండూ ఒకలాగే ఉండేలా తనే ఏరుతుంది. మనం వాసన చూసి, ఒక గింజ కొరికి, కొత్తదేదో చెప్పాలి. సరిగా చెప్పినవాడితో బేరం ఆడదు, న్యాయమైన ధర ఒకటే చెప్పి ఇచ్చేస్తుంది. తప్పు చెప్పినవాడు మిరియం తెలియని వ్యాపారి కింద లెక్క, వాడికి సాయంత్రం దాకా బేరమే. మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా తప్పలేదు. దూరం నుంచే చెప్పేదాన్ని.

“ఒచ్చినావా సెల్లీ? ఇయ్యాల ఆలీసమైపోనాది” అంటూనే గుప్పిళ్ళు చాపింది.

ఈ సంగతి నేను మర్చిపోలేదు. నాలుగు రోజులుగా దీని గురించే ఆలోచించాను. మిరియం ఘాటు వాసన కాదు, నాలుక మీద తగిలే దెబ్బ. అది నాకింకా తెలుస్తోంది, శొంఠి మంటా తెలుస్తోంది. అందుకే కొత్తది ఎక్కువ మండుతుంది, మండినదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది అని లెక్క వేసుకున్నాను. (నా టీల్లో మిరియం మోతాదు ఎందుకు పెరిగిందో ఇప్పుడు తెలిసింది కదా. కలిపాక రుచి చూస్తే నా నాలుకకి తగిలేది అదొక్కటే. తగల్లేదని నోటుబుక్కు తూకం మీద ఇంకో చిటికెడు, ఇంకో చిటికెడు వేస్తూ పోయాను.) ఎడమ గుప్పిట్లోది కొరికాను, మండింది. కుడి గుప్పిట్లోది కొరికాను, ఇంకా మండింది. మొదటి మంట మీద రెండో మంట పడితే ఎక్కువే అనిపిస్తుందని అప్పుడు తోచలేదు.

“ఇది” అన్నాను, కుడి చెయ్యి చూపించి.

గురుబారి నవ్వలేదు. ఆ చెయ్యి నా ముక్కు దగ్గరకి తెచ్చి, “మల్లా సూడు” అంది. చూశాను. “ఇదే” అన్నాను.

“సెల్లీ, ఇది నిరుటిది, తడిసి లోన బూజట్టినాది. పారబొయ్యాల. మా ఇంట కోడి కూడా ముట్టదు. నీకేటైనాది?”

నాకు కోపం బాగా ఎక్కువ. వెంటనే, నువ్వే కావాలని మోసం చేశావు, వానలో తడిపి తెచ్చావు, జలుబు చేసింది, బస్సులో నిద్ర లేదు, ఇలా నోటికొచ్చిందల్లా అన్నాను. ఆమె అన్నీ విని, “ముక్కు పోనాదా?” అంది.

“పోయింది.”

“ఎన్నాళ్ళయ్యింది?”

“మూడు నెలలు.”

“ఎవులికి సెప్పినావు?”

“నీకే.”

“ఓసి నీ! అంతేనా? మతి పోనాదేమో అనుకున్నాను” అని అప్పుడు నవ్వింది. నవ్వుతూనే నా సంచి వైపు వంగి, మొహం చిట్లించి వెనక్కి జరిగింది. “మరి ఈ కంపేటి? ఎండుసేపల బుట్టలో పడుకుని ఒచ్చినావా?”

అప్పటికి వెలిగింది. గోనె కప్పిన బుట్ట, ముక్కులకి అడ్డం పెట్టుకున్న తువ్వాళ్ళు, “మంచిదానివమ్మా” అన్న మెప్పు. టీ ఆకు పక్కనున్న వాసనలన్నీ పీల్చేస్తుంది. నేను పని నేర్చుకున్న కూనూరు టేస్టింగు గదిలో సబ్బు వాసన ఉన్న చేతులతో లోపలికి అడుగు పెట్టనిచ్చేవాళ్ళు కాదు. అటువంటి ఆకుని నూలుగుడ్డలో కట్టి, గంట పైన ఎండుచేపల మీద పడుకోబెట్టి తెచ్చాను. టీ వ్యాపారం చేసే ఇంకెవరూ చేయరు ఈ తప్పు. కొత్తగా చేరిన పనివాడు కూడా చేయడు. సంత మధ్యలో, ఆ మిరియాల గోనె పక్కన కూలబడిపోయాను. టైము పన్నెండున్నర. నాలుగింటికి రమణి గారు కప్పులు పెట్టుకుని కూర్చుంటారు.

నేను క్యారేజీ తీసి మూతలు చూపించాను. స్టీలు గిన్నెలు, బిగుతు మూతలు, పైగా నా భుజానే ఉన్నాయి. గురుబారి మూడింటిలోనూ ముక్కు పెట్టి, “ఇయ్యి బాగున్నాయి” అంది. ఆ మూడు పిడికెళ్ళూ, ఆమె ముక్కూ తప్ప నా దగ్గర ఇంకేం లేదు. నాతో అరకు దాకా రమ్మని అడగడానికి నోరు రాలేదు. అటూ ఇటూ నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి నిలబడ్డాను. ఆమెకి విసుగొచ్చింది.

“మా మావకి కళ్ళు కనిపించవు. కొండెక్కుతాడు, దిగుతాడు. గెడ్డలో నీళ్ళు దాటినప్పుడు మాత్రం ఎవులిదో సెయ్యి పట్టుకుంటాడు. ఎవులిదని కూడా అడగడు. నీకు సెయ్యట్టుకోడానికి సిగ్గేటి? అయితే ముందు నా మిరియాలు అమ్ముడవ్వాల. తక్కెడ నువ్వు పట్టు.”

అలా నేను హుకుంపేట సంతలో ముప్పావుగంట మిరియాలు తూచాను. నా కంగారు చూసి కొనేవాళ్ళు కూడా కంగారుపడి త్వరగా కొనేశారు, అదొక లాభం. ఒకటిన్నరకి సంత చివర టీ కొట్టుకి వెళ్ళాం. కొట్టతను ఇచ్చిన గిన్నె గురుబారి వాసన చూసి, “పాల కంపు, కొత్తది తియ్యి” అని వెనక్కి ఇచ్చేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కొత్త గిన్నెలో నీళ్ళు మరిగించి, మూడు గాజు గ్లాసుల్లో మూడు ఆకులు వేసి, అస్సాముకి నాలుగు నిమిషాలు, మిగతా రెండింటికి మూడు నిమిషాలు ఫోన్లో టైము పెట్టాను. రంగులు నాకు తెలుసు. అస్సాం చిక్కటి ఎరుపు, నీలగిరి తేట బంగారం, డార్జిలింగ్ పల్చటి నారింజ. వాసన మాత్రం ఆమె చెప్పాలి. పుస్తకాల్లో వీటికి పెద్ద పెద్ద మాటలున్నాయి, ఇరవై ఏళ్ళుగా నేనూ అవే చిలకపలుకులు పలుకుతున్నాను. గురుబారి అస్సాం గుక్క తాగి, “సోళ్ళు ఏపి దంచినప్పుడు ఒచ్చే వాసన” అంది. అస్సాం టీ గురించి వేయించిన రాగుల కంటే సూటి మాట నేనింతవరకు వినలేదు. నీలగిరికి, “నారింజాకు నలిపితే ఎలాగుంటాది, అలాగ.” డార్జిలింగ్ గ్లాసు దగ్గర మాత్రం ఆగిపోయింది. రెండోసారి పీల్చింది. “ఇప్పపువ్వు ఎండబెట్టినాక, సంచి ఇప్పినప్పుడు” అని, మూడోసారి గ్లాసు నాకివ్వకుండా తనే తాగేసింది.

ఆమె మాటలు పట్టుకుని కలపడం మొదలుపెట్టాను. చేతులకి మాత్రం పని ఇంకా గుర్తుంది. వేయించిన రాగి వాసన ఉన్న ఆకు బలమైనది, బలమైన తోడుని తట్టుకుంటుంది. దానికి ఈ ఏటి మిరియం కచ్చాపచ్చాగా దంచి వేశాం. నేను ఈ మూడు నెలల అలవాటులో నాలుగు గింజలంటే, వాసన చూసి “సోళ్ళు సచ్చిపోనాయి” అని తిట్టింది. మూడుకి, రెండుకి, చివరికి ఒకటిన్నరకి వచ్చాం. నీలగిరికి సంతలోనే కొన్న నారింజ తొక్క సన్నగా కోసి, నిమ్మగడ్డి ఒక్క వేలు ముక్క. తొక్క లోపలి తెల్లపొర గీకెయ్యమని ఆమే చెప్పింది. డార్జిలింగులో ఏం వేద్దామని నేను శొంఠి తీస్తుంటే నా చెయ్యి మీద కొట్టింది. “దీనికేటీ కలపొద్దు. ఎందుకు పాడుసేత్తన్నావు?” కూనూరులో మా గురువుగారు మొదటి వారంలో నేర్పిన పాఠం అది. రమణి గారికి కట్టిన పొట్లంలో నేను దానికి శొంఠి, దాల్చిన చెక్క రెండూ వేశాను. నా నాలుకకి ఏదో ఒకటి తగలాలి కదా.

రెండున్నర జీపులో ఇద్దరం ఎక్కాం. దారంతా గురుబారికి ఫోన్లు, పాడేరులో నర్సింగు చదువుతున్న కూతురి నుంచి. “నీ నానా మాటలూ ఇనడానికి టైము నేదు గుంటా, టీ పని మీద ఎల్తన్నాను” అని మూడుసార్లు కట్ చేసింది. నేను మాత్రం ఇంకో లెక్క వేస్తున్నాను. రమణి గారి ముందు గురుబారిని మిరియాలమ్మే మనిషిగా పరిచయం చేసి, మిగతాది నా పనేనని చెప్పేయవచ్చు. ఆమెకి కూడా అభ్యంతరం ఉన్నట్టు లేదు. నాలోని పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం ఇంకా మానలేదు.

నాలుగూ పదికి రమణి గారి వసారాలో మూడు కప్పులు పెట్టాను. ఆవిడ నెమ్మదస్తురాలు, చల్లారనిచ్చి తాగే మనిషి. గురుబారి మెట్ల మీద కూర్చుంది. మొదటి కప్పు తాగి రమణి గారు తల ఊపారు. రెండోది అడుగంటా తాగేశారు. మూడోది తాగి, “మీ ముక్కుకి దండం పెట్టాలండీ” అన్నారు.

గురుబారి వెనక్కి తిరిగి చూడలేదు. కాలి పట్టీ సర్దుకుంటోంది. ఒక్క “థాంక్సండీ” అంటే చాలు, అయిపోయేది.

“నాకు వాసన తెలియడం లేదండీ. డిసెంబరు నుంచి. ఇవి కలిపింది ఆవిడ ముక్కు” అన్నాను.

రమణి గారు కప్పు కింద పెట్టారు. “మరి ఫిబ్రవరిలో పంపిన శాంపిళ్ళు?”

“తూకం చూసి కలిపాను. వాసన చూడలేదు, చూడలేను.”

ఆవిడ కోప్పడతారనుకున్నాను. ఆవిడ మొహంలో కనిపించింది కోపం కాదు. “మా వంటాయన అన్నాడండీ, మిరియం మిగతా రుచినంతా తినేసిందని. నాకూ అలాగే అనిపించింది. కానీ మీరు చేసింది కదా, ఇలాగే ఉండాలేమో, మాకే టీ తెలియదేమో అనుకున్నాం. అతన్ని కసిరాను కూడా.”

ఆ మాట ఇంకా నన్ను వదల్లేదు. టీ పాడవడం ఒక ఎత్తు. నా పేరు చూసి వాళ్ళు తమ ముక్కుల్నే అనుమానించారు. నాకు లేనిదాన్ని ఉన్నట్టు నటించి, ఉన్నవాళ్ళ దగ్గర లేకుండా చేశాను. రమణి గారు అప్పటికప్పుడు ఏదీ ఖాయం చేయలేదు. ఒక నెల చూస్తానన్నారు, ఆ నెలలో వచ్చే ప్రతి పొట్లమూ గురుబారి చూసిందే అయ్యుండాలన్నారు. “నాను ఈజాగు రాను, ఆ ఘాటీలో నాకు వాంతులు” అంది గురుబారి మెట్ల మీంచి. సరే, ఆమె విశాఖ దిగదు కాబట్టి టీయే కొండెక్కాలి. ఆమెని జీపెక్కించి, అయిదున్నర బస్సు పట్టుకుని ఇల్లు చేరాను. మా ఆయనకి చెప్పాను. “పాలు మాడిన రోజే తెలుసు. నువ్వే చెప్తావని ఊరుకున్నాను” అన్నాడు. అందరికీ తెలుస్తూనే ఉంది, ఎవరూ అనరు. అనకపోవడానికి కారణం నేనే.

ఆ తర్వాత రెండు శనివారాలు వెళ్ళొచ్చాను. వాసన ఇంకా రాలేదు. ఒకరోజు వచ్చినట్టే అనిపించి గంతులేశాను, అది ఆశే. కానీ అప్పటిలా డబ్బాల మూతలు తీస్తూ మూస్తూ ఇల్లంతా తిరగడం లేదు. ఇప్పుడు హుకుంపేటలో గుప్పిళ్ళు చాపేది నేను. ఒకదాంట్లో కొత్తగా కలిపింది, ఇంకోదాంట్లో పాత తూకం ప్రకారం కలిపింది, చూపుకి రెండూ ఒకలాగే. ఎంచేది ఆమె. ఆమె వద్దన్న గుప్పెడు అక్కడే పారబోసి వస్తాను. పొట్లం మీద నా పేరు పక్కన ఇప్పుడు గురుబారి పేరు కూడా ఉంటుంది. అక్షరాలు చిన్నవని మొన్న గొడవ పెట్టుకుంది, పెంచాను.

మీరు ఆ వైపు వెళ్తే ఒక్క సలహా. టీ గానీ కాఫీ గానీ మిరియం గానీ గుడ్డలో, కాయితంలో కట్టుకోకండి, బిగుతు మూతున్న స్టీలు డబ్బాలో పెట్టుకోండి. జీపులో ఎవరి బుట్ట మీదైనా దాన్ని పెట్టేముందు “ఇందులో ఏముందమ్మా?” అని అడగండి, నూకరత్నం లాంటివాళ్ళు నిజమే చెప్తారు. ఇక జనవరి నుంచి మార్చి దాకా నా దగ్గర కొన్నవాళ్ళకి ఒక మాట. ఆ పొట్లం ఇంకా ఉంటే విప్పి వాసన చూడండి. ఏదో తేడాగా ఉందనిపిస్తే నాకు రాయండి, మళ్ళీ కలిపి పంపుతాను. కొత్త పంట ఘాటు అని మీకు నేను చెప్పింది అబద్ధం. మీ ముక్కే నిజం చెప్పింది.